రక్తపిశాచి ఆరోగ్యరహస్యం

కథలో వీరుడు గాయపడిన క్షణం కథకుడికి పరీక్షాసమయం. పడినవాణ్ణి ఎలా లేపాలి? రామాయణకథలో హనుమంతుడు ఓషధులున్న కొండనే పెళ్ళగించి తెచ్చాడు. భారతకథలో శుక్రాచార్యుడు మృతసంజీవని జపించాడు. పల్లెటూరి కథలో పేదరాశి పెద్దమ్మ పసరు పిండింది. మందు ఏదైనా కావచ్చు. అది ఎక్కడినుండి వచ్చింది, దాని వెల ఎవరు చెల్లించారు అన్న ప్రశ్నకు లభించే సమాధానాన్నిబట్టి ఆ కథలోని ధర్మం బయటపడుతుంది.

ఈ కాలపు బాలురు, యువకులు కథలను చదవడమే కాక ఆడుతున్నారు కూడా. కంప్యూటరు తెరమీద ఒక కల్పితలోకం ఉంటుంది. ఆడేవాడు అందులో ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర చేత నడిపిస్తాడు, మాట్లాడిస్తాడు, యుద్ధం చేయిస్తాడు. వీటిని పాత్రధారణ క్రీడలు అనవచ్చు. నాటకంలో నటుడికి కవి వ్రాసిన మాటే శరణ్యం. ఇక్కడ మాత్రం ఏ మాట అనాలో, ఏ పని చేయాలో ఆడేవాడే నిర్ణయించుకుంటాడు. ఆ పాత్ర ప్రాణబలాన్ని తెరమీద ఒక గీత చూపుతూ ఉంటుంది. దెబ్బ తగిలితే గీత కుంచించుకుపోతుంది. అది పూర్తిగా తరిగితే పాత్ర మరణిస్తుంది. సామాన్యవీరుడైతే రొట్టె తిని, నిద్రపోయి, మందు తాగి, మంత్రం జపించి ఆ గీతను తిరిగి నింపుకుంటాడు. ఇందులో ధర్మసంకటం ఏమీ లేదు.

కాని ఆడేవాడు ధరించిన పాత్ర రక్తపిశాచి అయితే? వాడి మందు సీసాలో ఉండదు, ఎదుటివాడి నరాలలో ఉంటుంది. అప్పుడు ఆరోగ్యమనేది లెక్కల విషయంగా మిగలక నీతివిషయంగా మారుతుంది. ఈ ఒక్క చిక్కును క్రీడాకర్తలు ఎన్ని విధాలుగా విప్పారో పరిశీలిస్తే, సాహిత్యవిద్యార్థికి ఎంతో ఆలోచన కలుగుతుంది.

పేరు ఒకరిది, స్వభావం మరొకరిది

రక్తపిశాచి అనగానే మనకు బేతాళుడు గుర్తుకు రావడం సహజం. ఈ పొరపాటుకు ఆంగ్లేయులు కూడా కొంత కారణం. 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళకథలను ఇంగ్లీషులో ప్రకటిస్తూ విక్రముడి పేరు పక్కన ‘వాంపైర్’ అన్న పదాన్ని శీర్షికలో నిలిపాడు. ఆ కథల్లోని బేతాళుడు శవాన్ని ఆవహించి చెట్టుకు వేలాడే మాట నిజమే. కాని అతడు విక్రమార్కుడి రక్తాన్ని కోరలేదు, కోరింది సమాధానం. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. మన బేతాళుడు ప్రశ్నించేవాడే గాని పీల్చేవాడు కాడు.

ఐరోపాలోని రక్తపిశాచి పుట్టుక వేరు. 1725లో సెర్బియాలోని కిసిలెవో గ్రామంలో పీటర్ బ్లాగోయెవిచ్ అనే రైతు చనిపోయాక, కొద్దిరోజులలోనే మరికొందరు వరుసగా మరణించారు. ఊరివారు గోరీ త్రవ్వించారు. 1732లో మెద్వెజా అనే గ్రామంలో ఇటువంటి గొడవే చెలరేగగా, ఆస్ట్రియా సైనికవైద్యుడు ఫ్లూకింగర్ శవాలను పరీక్షించి నివేదిక వ్రాశాడు. త్రవ్విన శవాలు ఎండిపోలేదు, కృశించలేదు. నిండుగా, నెత్తురుతో ఉన్నట్లు కనిపించాయి. భూమిలో శవం చివికే క్రమంలో వాయువులు చేరి దేహం ఉబ్బుతుందనీ, నోటివెంట ఎర్రని ద్రవం వెలువడుతుందనీ నేటి వైద్యశాస్త్రం చెబుతుంది. ఆనాటి గ్రామస్థులకు అది తెలియదు. వారి లెక్క సూటిగా ఉన్నది: ఊళ్ళో బ్రతికినవారు చిక్కిపోతున్నారు, గోరీలోని చచ్చినవాడు పుష్టిగా ఉన్నాడు. కనుక వీరినుండి పోయినదే వాడికి చేరుతున్నది.

1755లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ సలహాపై ఇటువంటి శవోత్ఖననాలను నిషేధించింది. నిషేధంతో నమ్మకం చావలేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, ఎక్సెటర్ అనే ఊరిలో, 1892లో జరిగిన ఉదంతం హృదయవిదారకం. బ్రౌన్ అనే రైతుకుటుంబంలో క్షయవ్యాధి తల్లినీ, ఒక కూతురినీ బలిగొన్నది. తర్వాత మెర్సీ అనే మరొక కూతురూ పోయింది. కొడుకు ఎడ్విన్ మంచంపట్టి ఉన్నాడు. ఇరుగుపొరుగుల ఒత్తిడితో మెర్సీ శవాన్ని తీయించి, గుండెను కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి అన్నచేత తాగించారు. అతడు కొద్దివారాలలోనే మరణించాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ అప్పటికి పది సంవత్సరాల క్రితమే, 1882లో, కనుగొన్నాడు. జ్ఞానం ప్రయోగశాలలో పుట్టింది గాని, ఆ పల్లెకు సకాలంలో చేరలేదు.

కాబట్టి రక్తపిశాచి కథ మొదటినుండీ భయానకకథ మాత్రమే కాదు. అది ఆరోగ్యాన్ని గురించిన ఒక తప్పుడు పద్దు. ఒక ఇంట ఆరోగ్యం తరిగితే అది మరెక్కడో జమ అయివుంటుందన్నది ఆ పద్దు సూత్రం.

పుస్తకంలో వైద్యుడు

ఈ పిశాచాన్ని ఇంగ్లీషు కథాసాహిత్యానికి తెచ్చినవాడు వైద్యుడు కావడం గమనింపదగినది. 1819లో ‘ది వాంపైర్’ వ్రాసిన జాన్ పోలిడోరి బైరన్ కవికి సొంతవైద్యుడు. 1897లో బ్రామ్ స్టోకర్ రచించిన ‘డ్రాకులా’ నవలలోనూ వైద్యులే పిశాచంతో పోరాడుతారు. నవల మొదట నెరసిన జుట్టుతో కనిపించిన డ్రాకులా ప్రభువు, లండను చేరిన తరువాత వయసు తగ్గి కనిపిస్తాడు. అదే సమయంలో లూసీ అనే యువతి పాలిపోతుంది. ఆమెను బ్రతికించడానికి నలుగురు పురుషులు ఒకరి తరువాత ఒకరు తమ రక్తాన్ని ఎక్కిస్తారు. ఒకవైపు దొంగిలించే రక్తం, మరొకవైపు దానమిచ్చే రక్తం. రెండూ ఒకే దేహంలో కలుసుకుంటాయి. మనుషుల రక్తంలో వర్గాలున్నాయని లాండ్‌స్టైనర్ కనుగొన్నది 1901లో, అంటే నవల వెలువడిన నాలుగేళ్ళకు. లూసీకి నలుగురి రక్తమూ సరిపడిందా అని స్టోకర్ శంకించే అవకాశమే ఆనాడు లేదు.

రక్తం పీల్చేవాడు, రక్తం ఇచ్చేవాడు, పిశాచం, వైద్యుడు. ఈ ద్వంద్వమే ఒక శతాబ్దం తరువాత క్రీడాకర్తల చేతికి వచ్చింది. నవలలో పిశాచాన్ని మనం దూరంనుండి చూస్తాము. క్రీడలో మనమే ఆ పాత్రలో దూరుతాము. అందువల్ల ఆకలి మనది, నిర్ణయమూ మనదే.

ఆకలికి నాలుగు సూత్రాలు

1996లో కెనడాకు చెందిన సిలికాన్ నైట్స్ సంస్థ నిర్మించిన ‘బ్లడ్ ఓమెన్’లో కథానాయకుడు కెయిన్. హత్యకు గురై, మాంత్రికుడి వలన పిశాచంగా మళ్ళీ లేచిన ప్రభువు. అతడి ప్రాణబలం దెబ్బలు తగలకపోయినా తరుగుతూనే ఉంటుంది. ఊరకే నిలబడినా మరణం దగ్గరవుతుంది. దానిని నింపేది ముఖ్యంగా రక్తమే. అక్కడక్కడ గోడలకు సంకెళ్ళతో కట్టివేసిన బందీలు రక్షించమని మొరపెట్టుకుంటారు. ఆడేవాడు వారి దగ్గరకు వెళ్ళేది రక్షించడానికి కాదు. ఇక్కడ సూత్రం నిర్దాక్షిణ్యమైనది: బ్రతకడమంటేనే చంపడం. ఆలోచించడానికి వ్యవధి లేదు.

2004లో ట్రోయికా సంస్థ ‘వాంపైర్: ది మాస్క్వరేడ్ – బ్లడ్‌లైన్స్’ను విడుదల చేసింది. కథ నేటి లాస్ ఏంజెలిస్ నగరంలో జరుగుతుంది. ఇందులో ప్రాణబలానికీ, రక్తానికీ తోడు మూడవ కొలత ఒకటి ఉన్నది: మానవత్వం. దారిన పోయేవాడి రక్తాన్ని కొంతవరకే తాగి వదిలితే అతడు బ్రతుకుతాడు. ఆశ ఆపుకోలేక నిరపరాధిని చివరి చుక్కదాకా తాగితే దేహానికి పుష్టి, మానవత్వానికి కోత. మానవత్వం తగ్గినకొద్దీ పాత్ర తన అదుపు తప్పి ఉన్మత్తమృగంగా మారే ప్రమాదం పెరుగుతుంది. ఎలుకలను పట్టుకొని తాగవచ్చు. రక్తనిధిలోని సంచులనూ కొనుక్కోవచ్చు. ఆకలి తప్పదు గాని హత్య తప్పనిసరి కాదన్నది ఈ క్రీడ చేసిన సవరణ. ఎక్కడ ఆపాలో తెలియడమే ఇక్కడి సంస్కారం.

బెథెస్డా సంస్థ 2006లో వెలువరించిన ‘ఆబ్లివియన్’ మరొక దారి తొక్కింది. ఇది టామ్రియెల్ అనే కల్పితఖండపు కథ. ఇందులో పిశాచత్వం ఒక అంటురోగం. పిశాచాలతో పోరాడినవాడికి అది సోకవచ్చు. మూడురోజులలోగా మందు తీసుకోకుండా నిద్రపోతే మనిషి పిశాచంగా లేస్తాడు. అటుపై నిద్రించేవారి దగ్గరకు వెళ్ళి రక్తం తాగవచ్చు, వారు చనిపోరు. తాగినందువల్ల గాయం మానదు. దానికి అందరిలాగే మంత్రమో, మందో కావాలి. రక్తం తగ్గించేది ఆకలిని మాత్రమే. విచిత్రమేమిటంటే, తాగకుండా ఉన్నకొద్దీ పిశాచబలం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. దానితోపాటు ఎండ కాల్చడం మొదలవుతుంది, ముఖం వికారమవుతుంది, చివరిమెట్టులో మనుషులు మాట్లాడడానికే ఇష్టపడరు. అంటే ఇక్కడ రక్తం ఆహారం కన్నా ముసుగుగా ఎక్కువ పనిచేస్తుంది. నలుగురిలో మనిషిలా చెలామణీ కావడానికి చెల్లించే సుంకం అది.

అదే సంస్థ 2011 నవంబరులో విడుదల చేసిన ‘స్కైరిమ్’లో ఈ సూత్రం మరికొంత మారింది. సామాన్యులకు ప్రాణబలం కాలక్రమాన తనంతట తానే కోలుకుంటుంది. పిశాచానికి ఎండలో ఆ కోలుకోవడం ఆగిపోతుంది. సూర్యుడు చంపడు, మాననివ్వడు. అందుకు బదులుగా ఎదుటివాడి ప్రాణబలాన్ని లాగి తనలో కలుపుకొనే మంత్రం పిశాచానికి సహజంగా అబ్బుతుంది. శత్రువుకు ఎంత పోయిందో తనకు అంత వచ్చింది. సెర్బియా పల్లెవాసుల పద్దు దాదాపు మూడువందల ఏళ్ళ తరువాత అంకెలలో నిజమైంది!

లండనులో ఒక రాత్రివైద్యుడు

ఈ సూత్రాలన్నిటినీ మించి మనస్సును కలచివేసేది ‘వాంపైర్’ అనే పేరుతోనే 2018 జూనులో వచ్చిన క్రీడ. దీనిని నిర్మించినది పారిస్‌లోని డోంట్‌నాడ్ సంస్థ. కాలం 1918, స్థలం లండను నగరం. మహాయుద్ధం ముగింపుకు వస్తున్నది, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను ఊడ్చివేస్తున్నది. మన దేశంలోనే ఆ జ్వరానికి కోటిమందికి పైగా బలి అయ్యారన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ కథావాతావరణం మనకూ పరాయిది కాదు.

కథానాయకుడు జొనథన్ రీడ్ సైన్యంలో పనిచేసి తిరిగివచ్చిన వైద్యుడు, రక్తమార్పిడిలో నిపుణుడు. ఈ వృత్తి ఎంపికలో చరిత్రజ్ఞానం ఉన్నది. రక్తం గడ్డకట్టకుండా సిట్రేటు కలిపి నిలవచేసే పద్ధతి ఆ యుద్ధకాలంలోనే అక్కరకు వచ్చింది. 1917లో ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే సైనికవైద్యుడు ఫ్రాన్సు యుద్ధరంగంలో రక్తాన్ని ముందుగా సేకరించి ఉంచి క్షతగాత్రులకు ఎక్కించాడు. ఇతరుల రక్తంతో మనిషిని బ్రతికించే విద్య కన్ను తెరిచిన ఆ రోజులలో, ఆ విద్య నేర్చిన వైద్యుడే రక్తం తాగవలసినవాడైతే ఎలా ఉంటుందన్నది కథాబీజం.

రీడ్ శవాల గుంటలో మేలుకుంటాడు. తనకు ఏమైందో తెలియదు. దాహం మాత్రం తెలుస్తుంది. చీకటిలో ఎవరో దగ్గరకు వస్తారు. తాగుతాడు. కళ్ళు స్పష్టపడిన తరువాత చూస్తే ఒళ్ళో ఉన్నది తన చెల్లెలు మేరీ. అన్నను వెదుక్కుంటూ వచ్చి, దొరికాడన్న ఆనందంతో కౌగిలించుకున్న చెల్లెలు! ఆడేవాడికి ఈ కథలో లభించే మొదటి ఆరోగ్యం వెల అది. ఆ వెల చెల్లించిన తరువాతే ఆట మొదలవుతుంది.

తరువాత రీడ్ పెంబ్రోక్ అనే కల్పిత ఆసుపత్రిలో రాత్రివైద్యుడిగా చేరుతాడు. యుద్ధంలో తగిలిన గాయాలను అతడు తన ఒంట్లోని రక్తాన్నే ఖర్చుచేసి మాన్చుకోగలడు. ఆ రక్తాన్ని పోరులో సొమ్మసిల్లిన శత్రువును కరిచిగాని, వీథిలోని ఎలుకలను పట్టిగాని తిరిగి సమకూర్చుకోవచ్చు. అంటే కేవలం ప్రాణం నిలుపుకోవడానికి నిరపరాధులు అక్కరలేదు. ఇక్కడే క్రీడాకర్తలు అసలు వల పన్నారు. బ్రతకడానికి అక్కరలేదు గాని బలపడడానికి కావాలి! నగరపు నాలుగు పేటలలో సుమారు అరవైమంది పౌరులున్నారు. ప్రతి ఒక్కరికీ పేరు, పని, బంధువులు, దాచుకున్న రహస్యాలు ఉన్నాయి. వారిలో ఒకరిని చంపి తాగితే అనుభవమనే పేరుతో పెద్దమొత్తం జమ అవుతుంది. దానితో కొత్తశక్తులు సంపాదించవచ్చు.

ఆ మొత్తం ఎంతన్నది రెండు విషయాలపై ఆధారపడుతుంది. మొదటిది, ఆ వ్యక్తిని గురించి ఆడేవాడికి ఎంత తెలుసు. మాట్లాడి, ఓదార్చి, రహస్యాలు తెలుసుకున్నకొద్దీ అతడి రక్తానికి విలువ పెరుగుతుంది. రెండవది, ఆ వ్యక్తి ఆరోగ్యం. జలుబో, రక్తహీనతో, న్యుమోనియానో ఉంటే విలువ తగ్గుతుంది. వైద్యుడు మందు తయారుచేసి ఇచ్చి నయంచేస్తే పెరుగుతుంది.

ఈ నియమాన్ని ఒకసారి నిదానంగా ఆలోచించాలి. రోగి మంచం దగ్గర కూర్చుని కుశలమడగడం, బాధ వినడం, మందివ్వడం – ఇవన్నీ వైద్యుడి ఉత్తమలక్షణాలు. ఇవే వేటగాడి పనులు కూడా. చేతిలోని మందు అదే, నోటిలోని మాట అదే, రోగి ముఖంలోని కృతజ్ఞత కూడా అదే. తేడా అంతా ఆడేవాడి మనస్సులో ఉన్నది. అతడు నయం చేస్తున్నాడా, మేపుతున్నాడా? ఈ ప్రశ్నకు తెర సమాధానం చెప్పదు. చాలాసార్లు ఆడేవాడికే నిశ్చయంగా తెలియదు. ఈనాడు దయతో ఇచ్చిన మందు రేపు దుర్జయుడైన శత్రువు ఎదురైనప్పుడు పెట్టుబడిగా కనిపించవచ్చు.

ఇక పర్యవసానం. సంపాదించిన అనుభవాన్ని శక్తిగా మార్చుకోవాలంటే రీడ్ నిద్రించాలి. అతడు నిద్రలేచేసరికి నగరం ఒకరోజు ముందుకు నడిచివుంటుంది. చచ్చినవాడి తల్లి ఏడుస్తూ ఉంటుంది, స్నేహితుడు అనుమానిస్తూ ఉంటాడు, రోగాలు పెరిగివుంటాయి. ప్రతి పేటకూ ఒక ఆరోగ్యపు కొలత ఉన్నది. హత్యలవల్లా, నిర్లక్ష్యంవల్లా అది అడుగంటితే ఆ పేట మొత్తం పాడుపడి, మృగాల పాలవుతుంది. చేసిన పనిని వెనక్కు తిప్పుకొనే సౌకర్యం లేదు. క్రీడ తనంతట తానే జరిగినదాన్ని భద్రపరుస్తూ పోతుంది. పొరపాటు దిద్దుకోవడానికి పాతపుట తెరుచుకోదు. జీవితంలో తెరుచుకుంటుందా?

ఏకచక్రపురం పద్దు

భారతం ఆదిపర్వంలోని బకాసురవృత్తాంతం తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. ఏకచక్రపురం ప్రజలు రోజూ బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకువచ్చే ఒక మనిషి చొప్పున బకుడికి పంపేవారు. దానికి బదులుగా బకుడు ఇతరశత్రువుల బారినుండి ఆ సీమను కాపాడేవాడు. అదొక ఒప్పందం. బకుడి పద్దులో మనిషి అంటే ఒక అంకె. ఏ ఇంటివాడు, ఎవరి కొడుకు అన్న విచారణ అతడికి లేదు. ఆ విచారణ మొదలైనది బ్రాహ్మణుడి ఇంటి ఏడుపు కుంతిచెవిని పడినప్పుడే. పేరు, కుటుంబం తెలిసిన మరుక్షణం అంకె మనిషిగా మారింది, భీముడు బయలుదేరాడు.

లండను రాత్రివైద్యుడి కథ ఈ సంగతినే తలక్రిందులు చేసి చూపుతుంది. ఇక్కడ పేరు తెలిసినకొద్దీ ఎర విలువ పెరుగుతుంది. ఎదుటివాణ్ణి తెలుసుకోవడం ప్రేమకు దారి తీయవచ్చు, దోపిడికీ దారి తీయవచ్చు. జ్ఞానం ఒక్కటే మనిషిని మంచివాడిని చేయదని ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. ప్రజల కష్టసుఖాలను క్షుణ్ణంగా తెలుసుకొని, వాటినే పెట్టుబడిగా పెట్టుకొనే పెద్దమనుషులను లోకం ఎరుగనిది కాదు.

అయితే క్రీడాకర్తలు ఒక తలుపు తెరిచి ఉంచారు. నగరవాసులలో ఒక్కరినైనా వేటాడకుండా కథను చివరిదాకా నడపవచ్చు. రోగులను మాట్లాడించి, మందులిచ్చినందుకు లభించే కొద్దిపాటి అనుభవంతోనే సరిపెట్టుకోవాలి. శత్రువులు మాత్రం తమ బలాన్ని తగ్గించుకోరు. తక్కువ శక్తితో, ఎక్కువ ఓర్పుతో, మళ్ళీమళ్ళీ ఓడిపోతూ ముందుకు సాగాలి. కథకు నాలుగు ముగింపులున్నాయి. ఎందరిని బలిగొన్నామన్నదాన్నిబట్టి ముగింపు మారుతుంది. ఎవరినీ బలిగొననివాడికి శుభాంతం దక్కుతుంది. ధర్మానికి ఫలం చివరనే గాని దారిలో దొరకదు. దారిలో దొరికేది కష్టమే.

బళ్ళలో నీతిపాఠం చెప్పే ఉపాధ్యాయుడికి ఒక ఇబ్బంది ఉన్నది. మంచి చేస్తే మేలు కలుగుతుందని చెబితే విద్యార్థి వెంటనే నమ్మడు. మేలు చేయని మంచిని అతడు చుట్టూ చూస్తూనే ఉంటాడు. ఈ క్రీడ అతడిని మోసగించదు. చెడ్డదారి సులభమనీ, దానివల్ల తక్షణబలం కలుగుతుందనీ మొదటే ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న తరువాత, నీవేమి చేస్తావని అడిగి ఊరుకుంటుంది.

బర్టన్ దొర మన బేతాళుడికి తప్పుపేరు పెట్టాడు. నిన్నటిదాకా అది తప్పుపేరే. కాని ఈ లండను పిశాచకథను చూస్తే, నూటయాభై ఏళ్ళ తరువాత ఆ పేరు మరొకవిధంగా సార్థకమైందని తోస్తుంది. రక్తం పీల్చే పిశాచం ఇప్పుడు ఆడేవాడి భుజాన ఎక్కి ప్రశ్న అడుగుతున్నది: రోగి పక్కన మందుగిన్నెతో కూర్చున్నావు గదా, ఎవరి ఆరోగ్యం కోసం? సమాధానం తెలిసి చెప్పకపోతే ఏమవుతుందో విక్రమార్కుడి కథ విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.